తూకపు రాయి నుండి వ్యాయామశాల దాకా – కెటిల్‌బెల్ కథ



మన సంఘం వెలువరించే ఈ ప్రత్యేక సంచికకు కొంత చరిత్ర, కొంత ఆరోగ్యం కలిసేలా ఒక వ్యాసం వ్రాయమని సంపాదకవర్గం వారు కోరారు. ఏ విషయమైతే బాగుంటుందా అని ఆలోచించగా, మా ఇంట్లో మనవడు కొని తెచ్చి మూలన పెట్టిన ఒక ఇనుప గుండు గుర్తుకు వచ్చింది. దానికి పైన మందపాటి పిడి ఉంటుంది. అడుగు చదునుగా ఉంటుంది. దూరం నుంచి చూస్తే ముక్కు లేని టీ కెటిల్ లాగా కనిపిస్తుంది. దానిని కెటిల్‌బెల్ అంటారు. హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్నం వంటి పట్టణాల జిమ్ములలో ఇప్పుడు ఇది మామూలు వస్తువు.

నాకు ఆ వస్తువు మీద ఆసక్తి కలగడానికి కారణం వ్యాయామం కాదు, నా ఉద్యోగం. 1972లో గుమాస్తాగా చేరి 2008లో పదవీ విరమణ చేసేలోపు, కొంతకాలం తూనికలు, కొలతల విభాగంలో సెక్షన్ చూశాను. షావుకార్ల తూకపు రాళ్లకు ముద్ర వేసిన వివరాలు, వసూలైన రుసుములు రిజిస్టరులో ఎక్కించడం నా పని. అందుచేత బరువు వేసి ఉన్న ఇనుప ముద్ద ఏది కనబడినా తిప్పి చూసే అలవాటు నాకు ఈనాటికీ పోలేదు. మనవడి కెటిల్‌బెల్‌ను కూడా అలాగే తిప్పి చూశాను. ఇది పుట్టుకతో వ్యాయామ పరికరం కాదని, మన షావుకార్ల రాళ్ల వంటి తూకపు రాయేనని తరువాత చదివి తెలుసుకున్నాను. ఆ కథనూ, మన వయసు వారు దానిని ఏ జాగ్రత్తలతో పట్టుకోవాలో ఆ సంగతినీ మీకు మనవి చేస్తున్నాను.

పూడ్ అనే కొలత

మెట్రిక్ పద్ధతి రాకముందు మన ప్రాంతంలో మూడు తులాలు ఒక పలము, 40 పలములు ఒక వీశె, 8 వీశెలు ఒక మణుగు. ఈ సంచిక చదివేవారిలో చాలామందికి ఈ లెక్క చిన్ననాడు ఎక్కాలతో పాటు నోటికి వచ్చినదే. 1956లో తూనికలు, కొలతల ప్రమాణాల చట్టం వచ్చింది. 1958 అక్టోబరు నుంచి కిలోలు అమలులోకి వచ్చి, 1962 ఏప్రిల్ నాటికి తప్పనిసరి అయ్యాయి. అయినా మా అమ్మగారు బ్రతికి ఉన్నంతకాలం చింతపండు వీశెలలోనే అడిగేవారు.

రష్యా దేశంలో కూడా ఇటువంటి పాత లెక్క ఒకటి ఉండేది. అక్కడ 40 ఫుంట్లు కలిస్తే ఒక పూడ్. ఒక పూడ్ మన కిలోలలో 16.38. మన పాత లెక్కలో చెప్పాలంటే దాదాపు మణుగున్నర. మన వీశెకు 40 పలములు, ఉత్తరాది మణుగుకు 40 సేర్లు, రష్యా పూడ్‌కు 40 ఫుంట్లు. ఎక్కడి దేశం, ఎక్కడి లెక్క! నలభై అంకె మాత్రం అన్నిచోట్లా ఒకటే.

సంతలలో ధాన్యం తూచడానికి రష్యా వర్తకులు వాడిన పోత ఇనుప రాయిని వారి భాషలో గిర్యా అంటారు. 1704 నాటి నిఘంటువులోనే ఈ మాట ఉందని చెబుతారు. ఎత్తి త్రాసులో పెట్టడానికి, దించడానికి వీలుగా దానికి పైన పిడి ఉండేది. సంతలో బేరాలు తగ్గిన వేళ కుర్రవాళ్లు అదే రాయిని పట్టుకుని ‘నువ్వు ఎన్నిసార్లు ఎత్తుతావు, నేను ఎన్నిసార్లు ఎత్తుతాను’ అని పందాలు వేసుకునేవారు. క్రమేణా జాతరలలో, సర్కస్ డేరాలలో మల్లులు దానిని ఎగరవేసి పట్టుకుని చూపరులను రంజింపజేశారు. తూకపు రాయి ఆ విధంగా ఆట వస్తువయింది.

సోవియట్ ప్రభుత్వం 1924లో పూడ్ కొలతను రద్దుచేసి మెట్రిక్ పద్ధతిలోకి వెళ్లింది. సంతలలో పూడ్ పోయింది కాని వ్యాయామశాలలో పోలేదు. ఈనాటికీ కెటిల్‌బెల్ పోటీలలో 16, 24, 32 కిలోల రాళ్లు వాడతారు. ఈ అంకెలే ఎందుకని మనవడిని అడిగితే చెప్పలేకపోయాడు. అవి ఒక పూడ్, ఒకటిన్నర పూడ్, రెండు పూడ్లు. జీ.వో. రద్దయినా ఆఫీసులో పాత పద్ధతే నడుస్తూ ఉండడం మనం ఎరుగనిది కాదు గదా!

డాక్టరు క్రయెవ్‌స్కీ

ఈ ఆటకు ఒక శాస్త్రం ఏర్పరచినవాడు మల్లుడు కాదు, వైద్యుడు. ఆయన పేరు వ్లాదిస్లావ్ క్రయెవ్‌స్కీ. 1841లో పుట్టి 1901లో మరణించిన ఈ డాక్టరు రష్యా రాజధానిగా ఉన్న సెయింట్ పీటర్స్‌బర్గ్ నగరంలో వైద్యం చేసేవారు. 1885 ఆగస్టు 10వ తేదీన ఆయన బరువులెత్తడంలో ఆసక్తి గలవారితో ఒక చిన్న మండలిని ప్రారంభించారు. రష్యాలో వెయిట్‌లిఫ్టింగ్ క్రీడకు ఆ తేదీనే జన్మదినంగా భావిస్తారు. గిర్యాలతోనూ, గిర్యాలు లేకుండానూ శరీర బలాన్ని పెంచుకునే పద్ధతి గురించి ఆయన ఒక పుస్తకం కూడా వ్రాశారు.

ఆయన కథలో మనబోటివారు ప్రత్యేకంగా గమనించవలసిన విషయం ఒకటి ఉంది. సదరు డాక్టరు తాను వ్యాయామం మొదలుపెట్టింది నలభై ఏళ్లు దాటిన తరువాత. ఆ రోజులలో నలభై అంటే దాదాపు ముసలితనం క్రిందే లెక్క. అప్పటివరకు బరువులెత్తడం సర్కస్ వాళ్ల పని అనీ, పెద్దమనుషులకు తగదనీ అనుకునేవారు. ఒక వైద్యుడు తానే స్వయంగా చేసి, ఇంటికి వచ్చినవారిచేత చేయించి, అది ఆరోగ్యానికి మార్గమని నిరూపించాడు. ‘మొక్కై వంగనిది మానై వంగుతుందా’ అని మనం సామెత చెప్పుకుంటాము. పిల్లల చదువు విషయంలో ఆ సామెత నిజమే కావచ్చు. కండరాల విషయంలో మాత్రం అది పూర్తిగా నిజం కాదని ఆ డాక్టరు జీవితమే చెబుతున్నది.

ఆయన శిష్యులలో ప్రసిద్ధుడు జార్జ్ హాకెన్‌ష్మిట్. ఇప్పటి ఎస్టోనియా దేశంలోని తార్తు పట్టణంలో 1877లో పుట్టాడు. 1898లో డాక్టరుగారి ఇంట ఉండి శిక్షణ పొందాడు. తరువాత కుస్తీలో ప్రపంచ ప్రఖ్యాతి గడించి ‘రష్యా సింహం’ అనిపించుకున్నాడు. 1908లో తన అనుభవాలను పుస్తకంగా వ్రాశాడు. శిక్షణ కాలంలో రోజుకు పదకొండు పింట్ల పాలు, అంటే సుమారు ఆరు లీటర్లు, త్రాగేవాడినని అందులో చెప్పుకున్నాడు. మన పెన్షన్‌కూ, మన జీర్ణశక్తికీ రెండింటికీ అది సరిపడదు. కాని ఆయన 1968 వరకు, తొంభై ఏళ్లు జీవించాడన్నది మాత్రం గుర్తుంచుకోదగినది.

మన గడ్డ మీద బరువులు

ఇదంతా ఎక్కడో చలిదేశపు సంగతి అనుకోనక్కరలేదు. బరువుతో శరీరాన్ని సాధించడం మన తాలింఖానాలలో, గరిడీశాలలలో తరతరాలుగా ఉన్నదే. దండీలు, బస్కీలు తీయడం, గద త్రిప్పడం, కొయ్య ముగ్దరులను భుజాల చుట్టూ త్రిప్పడం మన తాతల కాలపు విద్యలు. ఉత్తరాంధ్ర పల్లెలలో సంగిడీలు ఎత్తే పోటీలు ఉన్నాయి. రాతిని మలిచి, చేతికి పట్టు దొరికేలా చేసి ఎత్తడమే సంగిడి. రష్యా గిర్యాకూ దీనికీ చుట్టరికం లేకపోయినా పోలిక మాత్రం ఉంది.

పైగా ఈ విద్య ఇక్కడినుంచి అక్కడికి వెళ్లిన దాఖలా కూడా ఉంది. మన దేశంలో పనిచేసిన ఆంగ్లేయ సైనికులు ముగ్దరు సాధనను నేర్చుకుని ఇంగ్లండుకు తీసుకుపోయారు. 1834లో డొనాల్డ్ వాకర్ అనే ఆయన వ్యాయామాల మీద వెలువరించిన పుస్తకంలో ఈ భారతీయ ముగ్దరులకు చోటిచ్చారు. అక్కడినుంచి అది యూరప్, అమెరికాలకు ప్రాకి, 1904లోను, 1932లోను ఒలింపిక్ క్రీడలలో ఒక అంశంగా కూడా ఉన్నది. మన ముగ్దరు పడమటికి పోయింది, వారి గిర్యా మన దగ్గరకు వచ్చింది. వస్తు మార్పిడి అన్నమాట.

ఇక మన బలశాలుల విషయానికి వస్తే, వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తి నాయుడుగారి పేరు తెలియని తెలుగువారు ఉండరు. ఏనుగును ఛాతీ మీదుగా నడిపించుకున్న ఆ మహాబలుని ‘కలియుగ భీముడు’ అన్నారు. శ్రీకాకుళంలోని స్టేడియానికి ఆయన పేరే పెట్టుకున్నాము. 1951లో ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడలలో వెయిట్‌లిఫ్టింగ్ పతకం సాధించిన దండమూడి రాజగోపాలరావుగారిని మనం ‘నర్తనశాల’ చిత్రంలో భీమునిగా చూశాము. విజయవాడలోని ఇండోర్ స్టేడియం ఆయన పేరు మీదే ఉంది. శ్రీకాకుళం జిల్లా ఆముదాలవలస ప్రాంతపు ఆడబిడ్డ కరణం మల్లీశ్వరి 2000 సంవత్సరంలో సిడ్నీ ఒలింపిక్స్‌లో 240 కిలోలు ఎత్తి కంచు పతకం తెచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ ఆమే. బరువులెత్తడం ఆడవారికి తగదనే మాట ఆనాటితో చెల్లిపోయింది. మన సోదరీమణులు ఈ వ్యాసంలోని క్రింది భాగం తమకు కాదనుకోవద్దని మనవి.

రెండవ ప్రపంచ యుద్ధం తరువాత

రష్యాలో గిర్యా పల్లెలలోను, సైనిక శిబిరాలలోను వాడుకలో నిలిచింది. దానికి పెద్ద హాలు అక్కరలేదు, కరెంటు అక్కరలేదు, ఖర్చు తక్కువ. 1948లో మాస్కోలో సోవియట్ దేశం మొత్తానికి బలప్రదర్శన పోటీలు జరిపారు. 1985లో అధికారికంగా నియమావళి ఏర్పడి, లిపెత్స్క్ నగరంలో మొదటి జాతీయ స్థాయి పోటీలు జరిగాయి. ఈ పోటీ పద్ధతి విచిత్రమైనది. ఎంత పెద్ద బరువు ఎత్తారన్నది కాదు, పది నిముషాలలో రాయిని నేల మీద పెట్టకుండా ఎన్నిసార్లు ఎత్తారన్నదే లెక్క. ఒక్కసారి ఎత్తి చూపించే బలంకన్న అలసిపోకుండా పనిచేసే బలానికి అందులో విలువ.

1998 తరువాత, మిన్స్క్ నగరంలో పుట్టి అమెరికాలో స్థిరపడిన పావెల్ త్సత్సూలిన్ అనే శిక్షకుని వ్యాసాల వలన, 2001లో వచ్చిన ఆయన పుస్తకం వలన అమెరికాలో ఇది వ్యాపించింది. అక్కడినుంచి కెటిల్‌బెల్ అనే ఇంగ్లీషు పేరుతో ప్రపంచమంతా తిరిగి, చివరకు మా ఇంటి మూలకు చేరింది.

మనకెందుకు ఇది?

మిత్రులారా, ఈ ప్రశ్న మీకు వచ్చి ఉంటుంది. బి.పి. మాత్రలు, షుగరు మాత్రలు వేసుకుంటూ, ఉదయం పూట కాస్త నడిచి వచ్చే మనకు ఇనుప గుండ్లతో ఏమి పని?

మన సభ్యులలో ఒకరు, పేరు అవసరం లేదు, రెండేళ్ల క్రితం స్నానాల గదిలో జారి పడ్డారు. అదృష్టవశాత్తు ఎముక విరగలేదు. కాని లేవలేకపోయారు. ఇంట్లో ఎవరూ లేరు. పనిమనిషి వచ్చేవరకు అలాగే తడి నేల మీద ఉండిపోయారు. తరువాత నాతో అన్నారు: “పడినందుకు బాధ లేదోయ్. రోజూ మూడు కిలోమీటర్లు నడిచేవాణ్ణి, నా అంతట నేను లేవలేకపోయాను. అదే బాధ” అని. ఆ మాట నన్ను చాలా రోజులు వెంటాడింది. ఏటా మనం ఇచ్చే లైఫ్ సర్టిఫికెట్ మనం బ్రతికి ఉన్నామని మాత్రమే చెబుతుంది. నేల మీదినుంచి లేవగలమా, మెట్లు ఎక్కగలమా, బజారు సంచి మోయగలమా అన్నది ఏ సర్టిఫికెట్టూ చెప్పదు. పరాధీనం లేని బ్రతుకు అంటే అసలు అదే.

నడక గుండెకు మంచిది. కాని నడక ఒక్కటే కండరాలను నిలబెట్టదు. వయసు మీరినకొద్దీ, అందులోనూ అరవై దాటిన తరువాత, వాడని కండ వేగంగా కరిగిపోతుంది. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనలలో పెద్దలకు వారానికి 150 నిముషాలకు తగ్గకుండా నడక వంటి శ్రమతో పాటు, కనీసం రెండు రోజులు కండరాలకు బలం చేకూర్చే వ్యాయామం చేయమని చెప్పింది. 65 ఏళ్లు దాటినవారు పడిపోకుండా ఉండేందుకు, శరీరపు నిలకడను పెంచే వ్యాయామాలు వారానికి మూడు రోజులు చేయాలని కూడా చెప్పింది. అందుకు కెటిల్‌బెల్ ఒక్కటే దారి కాదు. నీళ్ల సీసాలు, రబ్బరు పట్టీలు కూడా పనికివస్తాయి. కాని ఇంటి పనులలో మనం ఎత్తేవి బిందెలు, సంచులు, బకెట్లు. కెటిల్‌బెల్‌కు కూడా వాటి లాగే పైన పిడి, క్రింద బరువు. అందుచేత అది మన రోజువారీ పనికి దగ్గరి సాధన.

పరిశోధనలు కూడా కొన్ని జరిగాయి. డెన్మార్కులో 40 మంది ఉద్యోగులతో 8 వారాలపాటు, వారానికి మూడుసార్లు ఇది సాధన చేయించగా మెడ, భుజాలు, నడుము నొప్పులు తగ్గినట్లు 2011లో ప్రకటించారు. వారు మనకంటే చిన్నవారు. ఆస్ట్రేలియాలో 59 నుంచి 79 ఏళ్ల మధ్య ఉన్న, వ్యాయామం అలవాటు లేనివారికి శిక్షకుల పర్యవేక్షణలో నేర్పించగా పిడికిలి పట్టు పెరిగినట్లు 2022లో వెలువడిన నివేదిక చెబుతున్నది. ఈ రెండుచోట్లా పక్కన నేర్పేవారు ఉన్నారన్నది మరచిపోకూడదు.

మొదలుపెట్టే ముందు

ముందుగా మీ డాక్టరుకు చూపించుకుని, ఫలానా వ్యాయామం చేయదలచానని చెప్పండి. బి.పి. అదుపులో లేనివారు, ఇటీవల గుండెకు, కంటికి, పొట్టకు ఆపరేషన్ అయినవారు, హెర్నియా ఉన్నవారు, ఎముకలు గుల్లబారి వెన్నుపూస విరిగినవారు, షుగరు వలన కంటిపొర దెబ్బతిన్నవారు లేదా పాదాలలో స్పర్శ తగ్గినవారు డాక్టరు అనుమతి లేనిదే దీనిని ముట్టరాదు. షుగరు మాత్రలు వాడేవారు పరగడుపున చేయవద్దు.

రాయి ఎంపికలో తొందర వద్దు. పోటీలలో 16 కిలోలు వాడతారని వ్రాశాను గదా అని అది కొనవద్దు. మన వయసు స్త్రీలకు 4 కిలోలు, పురుషులకు 6 లేదా 8 కిలోలు మొదలుకు చాలును. పిడి నున్నగా, గరుకు లేకుండా ఉండాలి. అడుగు చదునుగా నేలకు ఆనాలి.

చేసేచోట తడి గాని, జారే గచ్చు గాని ఉండకూడదు. క్రింద దళసరి చాప పరచండి. చుట్టూ రెండు బారల ఖాళీ ఉండాలి. మనవలు, మనవరాళ్లు ఆ దరిదాపులలో ఉండరాదు. పంచె, లుంగీ కట్టుకుని చేయవద్దు. ఆడవారు చుడీదార్ వంటివి వేసుకోవడం మేలు. మెత్తటి మందపాటి మడమల బూట్లు నిలకడ చెడగొడతాయి. పలుచని చదును అడుగు బూట్లు మంచివి. చేతుల చెమట తుడుచుకోండి. రాయి జారితే జారనివ్వండి. పట్టుకోబోవద్దు, పాదాలు వెనక్కి తీసుకోండి. గచ్చు పగిలితే అతకవచ్చు.

వరుస క్రమం

మొదటిది, బరువు లేకుండా కుర్చీ సాధన. గోడకు ఆనించిన గట్టి కుర్చీలో కూర్చుని, వీలైతే చేతుల ఆసరా లేకుండా నెమ్మదిగా లేచి నిలబడండి. అంతే నెమ్మదిగా కూర్చోండి. ఐదు నుంచి ఎనిమిదిసార్లు. రెండు వారాలు ఇదొక్కటే చేసినా నష్టం లేదు.

రెండవది, తుంటి దగ్గర వంగడం. ఈ విద్య మొత్తానికి ప్రాణం ఇదే. మనం క్రిందినుంచి ఏది తీసినా నడుమును విల్లులా వంచుతాము. నడుము పట్టేయడానికి అదొక కారణం. రెండు చేతులలో ఫైళ్లు పట్టుకుని, వెనుకనున్న బీరువా తలుపును పిర్రలతో నెట్టి మూసిన రోజులు గుర్తు తెచ్చుకోండి. సరిగ్గా ఆ కదలికే ఇది. గోడకు వీపు పెట్టి ఒక అడుగు ముందుకు నిలబడి, మోకాళ్లు కొద్దిగా సడలించి, పిర్రలు వెనక్కి పోయి గోడను తాకేవరకు వంగండి. వీపు మీద ఒక కర్రను నిలువుగా పెట్టించుకుంటే అది తల వెనుక, వీపు మీద, తోక ఎముక దగ్గర మూడుచోట్లా తాకుతూ ఉండాలి. ఒక్కచోట వదిలినా నడుము వంగినట్లే. నేర్పేవారు లేనప్పుడు ఇంట్లోవారిని ప్రక్కనుంచి చూడమనండి.

మూడవది, రాయిని ఎత్తడం. రాయిని నేల మీద కాక తక్కువ ఎత్తు పీట మీద, రెండు మడమల మధ్యకు వచ్చేలా పెట్టండి. పైన చెప్పినట్లు తుంటి దగ్గర వంగి, రెండు చేతులతో పట్టుకుని, పాదాలతో నేలను నొక్కుతూ నిలబడండి. నిలబడ్డాక వెనక్కి వాలవద్దు. అదే దారిలో తిరిగి పీట మీద పెట్టండి. ఐదుసార్లు చేసి, కాసేపు కూర్చుని, మళ్లీ ఐదుసార్లు.

నాలుగవది, మోత. ఒక చేతిలో రాయిని సంచిలా పట్టుకుని, ఒక ప్రక్కకు ఒరగకుండా ఇరవై అడుగులు నడిచి, చేయి మార్చుకుని తిరిగి రండి. చూడడానికి ఇది వ్యాయామంలా కనిపించదు. కాని పిడికిలికీ, నడుముకూ, నిలకడకూ ఇంతకుమించిన సాధన మనబోటివారికి లేదని నా అభిప్రాయం.

ఈ నాలుగూ వారానికి రెండు రోజులు, మధ్యలో రెండు రోజుల విశ్రాంతితో, పదిహేను ఇరవై నిముషాలకు మించకుండా చేయాలి. ఎత్తేటప్పుడు ఊపిరి బిగబట్టరాదు. బిగబడితే రక్తపోటు ఒక్కసారిగా పెరుగుతుంది. ఎత్తుతూ ఊపిరి వదలండి. పక్కవారితో మాట్లాడలేనంత ఆయాసం వస్తే ఎక్కువ చేసినట్లు లెక్క. గుండెలో నొప్పి, తల తిరగడం, చేతికో కాలికో ప్రాకే పోటు వస్తే వెంటనే ఆపి డాక్టరును కలవండి. మరునాడు కండ కాస్త తీసినట్లు ఉండడం సహజం. కీలులో నొప్పి సహజం కాదు.

ఇక యువకులు రాయిని కాళ్ల మధ్యనుంచి ఛాతీ ఎత్తు వరకు ఊపుతూ ఉంటారు. దానినే ఊపు అంటారు. అందులో బలం తుంటినుంచి రావాలి. చేతులు తాళ్ల వంటివి మాత్రమే. ఈ ఊపు వెన్నుపూసల మీద మామూలు ఎత్తుడుకు భిన్నమైన ఒత్తిడి తెస్తుందనీ, అందుచేత కొందరి నడుముకు సరిపడినా కొందరికి సరిపడకపోవచ్చుననీ 2012లో కెనడా పరిశోధకులు కొలిచి చెప్పారు. కనుక పై నాలుగూ కొన్ని నెలలు హాయిగా చేయగలిగిన తరువాతే, అదీ తెలిసిన శిక్షకుని ఎదుట మాత్రమే ఊపు నేర్చుకోవాలి. తల మీదుగా ఎత్తడం మన వయసులో ఇంట్లో ఒంటరిగా చేయతగిన పని కాదు. వీడియో చూసి ఎవరూ ఆ ప్రయత్నం చేయవద్దని చేతులెత్తి వేడుకుంటున్నాను.

నా విషయానికి వస్తే, డాక్టరుగారి అనుమతితో, మనవడి స్నేహితుడైన ఒక శిక్షకుని వద్ద నేర్చుకుని, పోయిన సంవత్సరంనుంచి 6 కిలోల రాయితో పై నాలుగూ చేస్తున్నాను. వయసు డెబ్బై అయిదు దాటింది. నేను మల్లుణ్ణి కాలేదు. కాని పూజలో పీట మీదినుంచి లేచేటప్పుడు గోడ పట్టుకోవడం మానేశాను. బియ్యం డబ్బా జరపడానికి ఎవరినీ పిలవడం లేదు. మా ఆవిడ 4 కిలోల రాయితో మోత ఒక్కటి చేస్తున్నది. మెట్లు ఎక్కడం తేలికైందని ఆమె అంటున్నది.

ముగింపుగా ఒక మాట. మా విభాగంలో ఇనుప రాళ్ల చిన్న గుంటలో సీసం పోసి, దాని మీద ముద్ర వేసేవారు. రాయి అరిగిందా, సరిగ్గా ఉందా అని నిర్ణీత కాలానికి ఒకసారి ప్రమాణపు రాయితో పోల్చి చూసేవారు. అరిగినదాన్ని వెంటనే పారవేసేవారు కాదు. లోపం ఎంత ఉందో చూసి, సవరించదగినదైతే సవరించి మళ్లీ ముద్ర వేసేవారు. మన శరీరాలూ అరిగిన రాళ్లే. ఎంత అరిగామో నిజాయితీగా చూసుకుని, సవరించుకోగలిగినంత సవరించుకుందాం. రష్యా వర్తకుని తూకపు రాయి అందుకు అక్కరకు వస్తుందంటే, దానిని వాడుకోవడానికి మనకు అభ్యంతరం ఏమున్నది? నిదానమే ప్రధానం. చిన్న రాయితో, సరైన పద్ధతితో, తెలిసినవారి ఎదుట మొదలుపెట్టండి.